విల్లుకు తగిలిన దెబ్బ

శ్రోతలకు నమస్కారం. సంక్రాంతి తర్వాత అహోబిలం పార్వేట ఉత్సవం చూసినవాళ్లకు చెంచుల చేతిలోని విల్లు గుర్తుండే ఉంటుంది. అహోబిలం ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ, మా నోటికి ఇంకా కర్నూలు జిల్లా అనే వస్తుంది. ఆ విల్లు చూసొచ్చినప్పటి నుంచి మా మనవడిది ఒకటే గోల, "తాతా, నాకూ ఒకటి" అని. సరేనని ఎండిన వెదురు బద్ద తెచ్చి కూర్చున్నాను.

వెదురు బలమంతా నున్నటి పై పొర కింది నారలోనే ఉంటుంది. విల్లు వంచినప్పుడు గురి వైపు ముఖం సాగుతుంది, మన వైపు ముఖం నలుగుతుంది. అందుకే నున్నటి పొరను గురి వైపు ఉంచి, లోపలి వైపే చెక్కాలి. నేనూ అట్లాగే చెక్కుతున్నాను. ఇంతలో కత్తి జారి, సరిగ్గా ఆ పొర మీదే చిటికెన వేలి గోరంత పెచ్చు లేచింది.

ఫెవికాల్‌లో రంపపు పొట్టు కలిపి పూడ్చేశాను. ఆరాక గరుకు కాగితంతో రుద్దితే దెబ్బ ఎక్కడ తగిలిందో నాకే తెలియలేదు. మా వీధి వడ్లాయనకు గొప్పగా చూపించాను.

"ఏంది సార్, ఇది తలుపనుకున్నావా?" అన్నాడు. "పొట్టు గుంతను పూడుస్తుంది. నారను పట్టుకుంటుందా?"

నేను పూసిందంతా గోకేశాడు. సూది మొనతో పెచ్చును కొంచెం ఎత్తి, దాని కిందికి నీళ్లలాంటి పల్చటి జిగురు చుక్క వదిలాడు. పైన ప్లాస్టిక్ కాగితం వేసి బిగించి కట్టాడు. మర్నాడు కట్టు విప్పి, దెబ్బకు అటూ ఇటూ అంగుళం దాకా పట్టుదారం పక్కపక్కనే బిగువుగా చుట్టి, దారం తడిసేలా జిగురు పట్టించాడు. ధర్మవరంలో చుట్టాలుండబట్టి దారానికి ఇబ్బంది లేకపోయింది. నార నిలువునా లేచింది కాబట్టి ఇది కుదిరిందట. అడ్డంగా తెగి ఉంటే పొయ్యిలోకే అన్నాడు.

తర్వాత పత్తి ఉండ ఒకటి తీసి, విల్లు పొడవునా మెల్లగా జరపమన్నాడు. ఆదోని దగ్గర్లో ఉండగా పత్తికేం కొదవ! కణుపు దాటగానే ఒక పోగు చిక్కుకుంది. కంటికి ఏమీ కనబడలేదు గానీ అక్కడా చీలిక ఉంది. ఇంకో జిగురు చుక్క, ఇంకో చుట్టు. ఆ తర్వాత కూడా ఒకేసారి పూర్తిగా లాగనివ్వలేదు. రోజుకు కొంచెం చొప్పున వంచుతూ, చెవి పెట్టి చిటచిటలు వినమన్నాడు. బాణం లేకుండా నారి లాగి వదలొద్దని మనవడికి గట్టిగా చెప్పాడు. ఆ విసురంతా విల్లు మీదే పడుతుంది మరి.

చెక్కతో చేసే విల్లుకు మన వైపు చిన్న సొట్ట పడితే టెన్షన్ పడక్కర్లేదు. తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే చాలావరకు ఉబ్బి సర్దుకుంటుంది. కానీ అదే వైపు అడ్డంగా వెంట్రుకల్లాంటి ముడతలు కనబడితే, అక్కడ నార నలిగిపోయినట్టే. దానికి జిగురు పనిచేయదు.

నా రెండో విల్లుకు ఆ ముడతలే వచ్చాయి. ఇప్పుడు పెరట్లో దాని మీద కాకర తీగ పాకుతోంది.