గేదెను ఎవరు చూసుకుంటారు?

అందరికీ నమస్కారం. మీలో చాలామంది 2020లో పదో తరగతిలోనో ఇంటర్‌లోనో ఉండి ఉంటారు, ఇంట్లో ఫోన్ ముందు కూర్చుని క్లాసులు విన్న బ్యాచ్ మీది. నేనప్పుడు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసర్ని. కరోనా నడిచిన ఆ రెండేళ్లలో రివ్యూ మీటింగుల్లో నేను ఎక్కువసార్లు విన్న మాట, నేను కూడా అన్న మాట ఒకటుంది: "జనం మాట వినడం లేదు". ఈరోజు దాని గురించే మాట్లాడతాను. ఎందుకంటే రేపు డాక్టర్లుగా డ్యూటీలో చేరాక మీ నోటికీ అదే వస్తుంది.

ముందు పూనాకి, అంటే ఇప్పటి పుణేకి వెళ్దాం. 1896లో బొంబాయిలో బయటపడ్డ ప్లేగు కొద్ది నెలల్లోనే అక్కడికి పాకింది. 1897 ఫిబ్రవరిలో అప్పటి ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది, 2020లో మనం తీసి వాడింది కూడా ఆ చట్టాన్నే. పూనాలో ప్లేగు పని చూడటానికి రాండ్ అనే అధికారిని వేశారు. ఆయన సైనికులను ఇళ్ల మీదికి పంపాడు. వాళ్లు వంటింట్లోకి, దేవుడి గదిలోకి, ఆడవాళ్లున్న గదుల్లోకి వెళ్లి వెతికారు, అనుమానం వచ్చినవాళ్లను ఆస్పత్రికి పట్టుకెళ్లారు, ఇంట్లో మిగిలినవాళ్లను క్యాంపుల్లో పెట్టారు, సామాన్లు బయట పడేసి తగలబెట్టారు. రోగిని వేరుగా ఉంచాలన్న ఉద్దేశం వైద్యపరంగా తప్పు కాదు, అయినా ఏం జరిగింది? జనం జబ్బు చేసినవాళ్లను దాచేశారు. శవాలను కూడా దాచారు. జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు రాండ్‌ను కాల్చారు, కొద్ది రోజులకు అతను చనిపోయాడు. ఇది మనం స్వాతంత్ర్య పోరాటం పాఠంలో చదువుకుంటాం, ప్రజారోగ్యం నేర్పే కమ్యూనిటీ మెడిసిన్ పాఠంలో కూడా చదవాలని నేను ఎప్పటినుంచో అంటున్నాను.

అదే ఊళ్లో, అదే ప్లేగులో, ఆడపిల్లలకు బడి పెట్టిన సావిత్రీబాయి ఫూలే ఉన్నారు. ఆమె పెంచుకున్న కొడుకు యశ్వంత్ డాక్టర్, ఊరి బయట రోగుల కోసం ఒక చికిత్సా కేంద్రం పెట్టాడు. అప్పటికి ఆమెకు 66 ఏళ్లు. ప్లేగు తగిలిన పిల్లాడిని వీపు మీద మోసుకుని అక్కడికి తీసుకెళ్లారు, ఆ జబ్బే అంటుకుని 1897 మార్చి 10న చనిపోయారు. ఒకసారి ఆలోచించండి, రోగిని ఇంట్లోంచి తీసి వేరే చోట ఉంచడమే ఇద్దరూ చేయాలనుకున్న పని. ఒకరిని చూసి తలుపులు మూసుకున్నారు, ఇంకొకరి చేతికి పిల్లాడిని ఇచ్చారు. ఎవరొచ్చి అడుగుతున్నారు, ఇన్నాళ్లూ మనతో ఎలా ఉన్నారు అన్నది జనం చూస్తారు, జీవో నంబరు చూడరు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2020 మార్చి చివర్లో ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల ఊరి పొలిమేరలో రోడ్డుకు అడ్డంగా ముళ్లకంప వేశారు. చాలా ఊళ్లలో ఎవరూ చెప్పకుండా వాళ్లంతట వాళ్లే వేసుకున్నారు. రాత్రిళ్లు వంతులవారీగా కాపలా కూడా కాశారు. కొన్నిచోట్ల సొంత ఊరివాళ్లనే లోపలికి రానివ్వలేదు, అది తప్పే, దాన్ని నేను సమర్థించను. కానీ మాట వినని జనం అని మనం అనుకున్నవాళ్లు, తమ నిర్ణయం తాము తీసుకున్నప్పుడు ప్రభుత్వం అడిగినదానికంటే ఎక్కువే చేశారు కదా.

మరి పాటించాలని ఉన్నా పాటించలేనివాళ్ల సంగతి ఏమిటి? ఇంట్లోనే ఉండండి అన్నాం. నెల జీతం వచ్చే నాకు అది విసుగు, అంతే. రోజు కూలికి అది పస్తు. తెలంగాణలో తెల్లకార్డు ఉన్నవాళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చారు, ఆంధ్రలో బియ్యం, కంది పప్పుతో పాటు వెయ్యి రూపాయలు ఇచ్చారు. సరిపోయిందా అంటే సరిపోలేదు, కానీ లాఠీ కంటే ఆ బియ్యమే ఎక్కువమందిని ఇంట్లో ఉంచిందని నేను నమ్ముతాను. కార్డు లేనివాళ్లు, బయటి రాష్ట్రాల కూలీలు నడిచారు. ములుగు జిల్లా మిర్చి తోటల్లో పనికొచ్చిన 12 ఏళ్ల పాప ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకాస్త దూరంలో ఉందనగా చనిపోయింది. ఆ పిల్ల కూడా మన లెక్కలో లాక్‌డౌన్ ఉల్లంఘించిన మనిషే. అలా లెక్కేసే చదువు మనకెందుకు?

ఒకే గది ఉన్న ఇల్లు, నాలుగిళ్లకు కలిపి ఒక బాత్రూం ఉన్నచోట హోం ఐసోలేషన్ కరపత్రం ఇచ్చి వచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. ఆ కరపత్రం పంచింది నేనే, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక పరువు సంగతి. పాజిటివ్ వచ్చిందంటే వీధికి బారికేడ్, గేటుకు స్టిక్కర్, అంబులెన్సు సైరన్, మేడల మీదినుంచి వీడియోలు తీసేవాళ్లు. రోగితో కాదు, రోగంతో పోరాడాలని ఫోన్ కాలర్ ట్యూన్ రోజూ చెప్పేది, వీధిలో మాత్రం రోగి ఇంటికి పాలు పోయడం మానేశారు. దాంతో జ్వరం వచ్చినవాళ్లు టెస్టుకు రావడం మానేసి మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కున్నారు. పూనాలో దాచినట్టే ఇక్కడా దాచారు. ప్రత్యేక ఆదేశం ఉంటే తప్ప ఇళ్ల బయట అలాంటి పోస్టర్లు అంటించొద్దని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, అప్పటికే మొదటి వేవ్ చాలావరకు తగ్గిపోయింది.

మాట మార్చడం గురించి కూడా చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మాస్కు అక్కర్లేదని మొదట్లో చెప్పాం, తర్వాత అందరూ పెట్టుకోవాలన్నాం, ఆపైన తెలంగాణలో పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల ఫైన్ అన్నారు. కోవిషీల్డ్ టీకా రెండో డోసుకు గడువు మొదట 4 నుంచి 6 వారాలు, ఆ తర్వాత 6 నుంచి 8, 2021 మేలో 12 నుంచి 16 అయింది. కొత్త విషయం తెలిసినకొద్దీ సలహా మారుతుంది, అందులో తప్పేమీ లేదు. కానీ నిన్న అలా ఎందుకన్నాం, ఈరోజు ఇలా ఎందుకంటున్నాం అని విప్పి చెప్పలేదు. "స్టాకు లేక గడువు పెంచారు కదా సార్?" అని నన్ను ముఖాన అడిగారు. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే నాకూ వివరంగా ఎవరూ చెప్పలేదు.

మా అమ్మే టీకా వద్దంది. కొడుకు డాక్టరైతే ఏం, వాట్సాప్‌లో వచ్చినవన్నీ ఆవిడ దగ్గరా ఉన్నాయి. నేను గంటలకొద్దీ చెప్పాను, కోపం కూడా పడ్డాను. చివరికి ఎదురింటి పిన్నిగారు వేయించుకుని మర్నాడు పొద్దున్నే ఎప్పటిలాగే ముగ్గు వేస్తూ కనిపించింది. ఆ మధ్యాహ్నమే అమ్మ ఆధార్ కార్డు తీసింది. 1897 జనవరిలో హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త తాను తయారుచేసిన ప్లేగు టీకాను ముందు తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. చూసి నమ్మడం మనుషులందరికీ ఉన్నదే, దాన్ని మూఢత్వం అనకండి.

చివరగా ఒక సంగతి. మా పరిధిలోని ఒక ఊళ్లో ఒకామెకు పాజిటివ్ వచ్చింది, క్వారంటైన్ సెంటర్‌కి రానంటే రానంది. మేము ముగ్గురం వెళ్లి వైరస్ గురించి, ఆక్సిజన్ గురించి, ఇంట్లో ముసలివాళ్ల గురించి చెప్పి చెప్పి అలసిపోయాం. మాతో వచ్చిన ఆశా వర్కర్ అంతా విని, పక్కన అరుగు మీద కూర్చుని ఒక్కటే అడిగింది: "వదినా, నీ భయం దేని గురించి?" ఆమె కొట్టం వైపు చూసి, "గేదెను ఎవరు చూసుకుంటారు?" అంది. ఈనిన గేదె, రెండు పూటలా పితకాలి, ఆ పాల డబ్బుతోనే ఇల్లు. ఆశా వర్కర్ ఫోన్ తీసి తన మరిదిని పిలిచింది. అతను పొద్దున, సాయంత్రం పితికి, పాలకేంద్రంలో ఆమె పేరు మీదే పోసేటట్టు మాట్లాడారు. ఆమె లేచి లోపలికెళ్లి, రెండు చీరలు సంచిలో పెట్టుకుని వచ్చి అంబులెన్సు ఎక్కింది.