రీచ్, ఆస్కాట్, కోటామ్: రవాణా విమానాల పిలుపులు వినడం ఎలా

అందరికీ నమస్కారం.

మన విశాఖకు విమానం చప్పుడు కొత్త కాదు. గోపాలపట్నం, కాకానినగర్ వైపు ఉండేవాళ్లు మేడ మీద బట్టలు ఆరేస్తూ, తలెత్తి చూడకుండానే చెప్పేస్తారు, వచ్చింది ప్రయాణికుల విమానమా, నేవీదా అని. ఐఎన్‌ఎస్ డేగ నేవీ స్థావరం. ఆ రన్‌వేనే ఏళ్ల తరబడి ప్రయాణికుల విమానాలూ వాడుకున్నాయి. అందుకే ఇక్కడి పిల్లలకు విమానాల పిచ్చి కాస్త ఎక్కువ. షార్ట్‌వేవ్ వినడం మొదలుపెట్టిన కుర్రాళ్లు నన్ను తరచూ అడుగుతారు: "సార్, రీచ్ అని ఎవరో పిలుస్తున్నారు, అదేం ఎయిర్‌లైన్సు?" ఈ రోజు దానికి జవాబు చెబుతాను. రీచ్ ఎయిర్‌లైన్సు కాదు. కానీ ఎయిర్‌లైన్సులా ప్రవర్తిస్తుంది. ఎందుకలా అన్నదే అసలు విషయం.

ముందు మనందరం ఎక్కే విమానంతో మొదలుపెడదాం. ఇండిగో విమానాన్ని కంట్రోలర్ ఇండిగో అని పిలవడు, "ఐఫ్లై" అని పిలుస్తాడు. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌ది "స్పీడ్‌బర్డ్". అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, ప్రతి సంస్థకూ మూడక్షరాల కోడ్ ఒకటి, నోటితో పలికే పేరు ఒకటి నమోదు చేస్తుంది. తెర మీద కనపడేది కోడ్, చెవికి వినపడేది పేరు. ఆ పేరుకు ఫ్లైట్ నంబరు చేరిస్తే కాల్‌సైన్. సొంత విమానాలూ, చిన్న విమానాలూ అయితే రెక్క మీద రాసి ఉన్న రిజిస్ట్రేషనే చదువుతాయి.

సైన్యాల దగ్గరికి వచ్చేసరికి ఇది రెండు దారులు పడుతుంది. యుద్ధ విమానాలు శిక్షణకు లేచినప్పుడు స్క్వాడ్రన్ తనకు నచ్చిన మాట పెట్టుకుంటుంది, అవసరమైతే మార్చేస్తుంది. బయటివాడికి అర్థం కాకపోవడమే అక్కడ మేలు. రవాణా విమానానికి ఆ వెసులుబాటు లేదు. అది ఖండాలు దాటాలి. అయిదారు దేశాల గగనతలంలో, ప్రయాణికుల విమానాల మధ్యనే, అదే కంట్రోలర్ మాట వింటూ పోవాలి. ప్రతి దేశం దగ్గరా ముందే దౌత్య అనుమతి తీసుకోవాలి, ఫ్లైట్ ప్లాన్ ఇవ్వాలి. ఇన్నిచోట్ల ఒకే పేరు చెల్లుబాటు కావాలంటే ఆ పేరు స్థిరంగా ఉండాలి, ఎవరికైనా స్పష్టంగా వినపడాలి. అందుకే రవాణా దళాలు కూడా ఐకావో దగ్గర పేరు నమోదు చేసుకుంటాయి. నలుగురూ వినడానికే పెట్టుకున్న పేరు అది. మనలాంటి శ్రోతలకు ఈ సరదా సాధ్యపడిందంటే కారణం ఇదే.

ఇప్పుడు రీచ్. ఇది అమెరికా వైమానిక దళంలోని ఎయిర్ మొబిలిటీ కమాండ్ కాల్‌సైన్, కోడ్ ఆర్‌సీహెచ్. కమాండ్ కేంద్రం ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్కాట్ స్థావరం. 1992 దాకా అది మిలిటరీ ఎయిర్‌లిఫ్ట్ కమాండ్. అప్పట్లో ఆ విమానాలు "మాక్" అని పిలుచుకునేవి. పాత శ్రోతల నోట్‌బుక్కులు ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పేరు కనిపిస్తుంది. రీచ్ వెనక మూడు నాలుగు అంకెలు వస్తాయి. కొత్తవాళ్లు ఆ అంకెను విమానం నంబరు అనుకుంటారు. అది ఆ పని నంబరు. నిన్న ఒక నంబరుతో ఎగిరిన సీ-17 రవాణా విమానం ఇవాళ ఇంకో నంబరుతో ఎగురుతుంది. నిన్నటి నంబరు మరో విమానానికి వెళ్లిపోతుంది. విమానాన్ని గుర్తుపట్టాలంటే తోక మీది నంబరు చూడాల్సిందే, కాల్‌సైన్ వల్ల కాదు.

2021 ఆగస్టు 15న కాబూల్ నుంచి లేచిన సీ-17 గుర్తుందా? నేల మీద కిక్కిరిసి కూర్చున్న జనం ఫోటో ప్రపంచమంతా చూసింది. దాని కాల్‌సైన్ రీచ్ 871. మొదట 640 మంది అన్నారు. ఒళ్లో ఉన్న పిల్లల్ని కూడా లెక్కపెట్టాక 823 అని తేలింది. అదే నెల 21న, జర్మనీలోని రామ్‌స్టైన్‌కు వెళ్తున్న రీచ్ 828లో ఒక అఫ్గాన్ తల్లికి నొప్పులు వచ్చాయి. విమానంలో గాలి పీడనం పెంచడానికి పైలట్ ఎత్తు తగ్గించాడు. దిగిన వెంటనే, కార్గో గదిలోనే ఆడపిల్ల పుట్టింది. తల్లిదండ్రులు ఆ పిల్లకు రీచ్ అనే పేరు పెట్టారు. కాల్‌సైన్ అంటే పొడి కోడ్ అనుకునేవాళ్లకు నేను ముందు ఈ సంగతే చెబుతాను.

షార్ట్‌వేవ్‌లో రీచ్ పైలట్ "హిల్డా" కోసం అడుగుతుంటే కంగారు పడకండి. హిల్డా మనిషి కాదు. స్కాట్ స్థావరంలో ఈ విమానాలన్నిటినీ నడిపించే కార్యకలాపాల కేంద్రం కాల్‌సైన్ అది. సముద్రం మీద ఉన్న పైలట్ గ్రౌండ్ స్టేషన్‌ను పిలిచి, ఫోన్ లైను కలిపించుకుని, మరమ్మతు సంగతో, ఆలస్యం సంగతో హిల్డాకు చెప్పుకుంటాడు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంభాషణలు ఇవే. హైడ్రాలిక్ ఆయిల్ కారుతోందనీ, దిగేచోట ఫలానా పార్టు సిద్ధంగా ఉంచమనీ అడుగుతారు. మన వాల్తేరు డీజిల్ లోకో షెడ్‌లో వినపడే మాటలకూ వీటికీ పెద్ద తేడా ఉండదు.

మిగతా దేశాలవి చకచకా చెప్పేస్తాను. బ్రిటన్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ రవాణా విమానాలు ఆస్కాట్, కోడ్ మూడు ఆర్‌లు. కెనడావి కాన్‌ఫోర్స్. ఆస్ట్రేలియావి ఆసీ. అమెరికా నేవీ సరుకు విమానాలు కాన్వాయ్. ఫ్రాన్స్ దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాలి. వాళ్ల కాల్‌సైన్ కోటామ్, ఫ్రెంచ్ సైనిక వాయు రవాణా కమాండ్ పేరులోని పొడి అక్షరాలు అవి. ఆ కమాండ్ 1994లో రద్దయింది, పేరు మాత్రం గాలిలో ఇంకా ఎగురుతోంది. ప్రపంచమంతా అలవాటు పడిన పేరును మార్చడం ఆఫీసు బోర్డు మార్చినంత తేలిక కాదు. అధ్యక్షుడు ఎక్కితే అది కోటామ్ 001.

అధ్యక్షుల మాట వచ్చింది కాబట్టి, ఎయిర్‌ఫోర్స్ వన్ సంగతి. అది విమానం పేరు కాదు. అమెరికా అధ్యక్షుడు లోపల ఉన్న ఏ వైమానిక దళ విమానానికైనా అదే కాల్‌సైన్. ఐసెన్‌హోవర్ కాలంలో ఆయన విమానం నంబరు 8610, అదే గగనతలంలో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ ఫ్లైట్ కూడా 8610. ఆ గందరగోళం చూశాకే ఈ పేరు పెట్టారని చెబుతారు. 1974 ఆగస్టు 9న రాజీనామా చేసిన అధ్యక్షుడు నిక్సన్ కాలిఫోర్నియాకు ఎగురుతున్నాడు. మిస్సోరీ మీద ఉండగా వాషింగ్టన్‌లో ఫోర్డ్ కొత్త అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. ఆ నిమిషంలో పైలట్ కన్సస్ సిటీ కంట్రోల్‌ను పిలిచి కాల్‌సైన్ సామ్ 27000గా మార్చమన్నాడు. విమానం అదే, సీటులో మనిషీ అతనే, మారింది పదవి ఒక్కటే. కాల్‌సైన్ దేన్ని సూచిస్తుందో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కాల్‌సైన్‌కు ముందూ వెనకా వచ్చే మాటలు కూడా వినండి. "హెవీ" అంటే గరిష్ఠ టేకాఫ్ బరువు 136 టన్నులు, ఆ పైన ఉన్న విమానం. దాని వెనక సుడిగాలి బలంగా ఉంటుంది, దూరం పాటించమని హెచ్చరిక. సీ-17 బరువు సుమారు 265 టన్నుల దాకా వెళ్తుంది, దానికన్నా చిన్న రవాణా విమానం సీ-130 ఆ గీత దగ్గరికి కూడా రాదు. అంటే ఆ ఒక్క మాటతో విమానం రకం సగం తేలిపోయినట్టే. "ఇవాక్" వినపడితే లోపల రోగులు ఉన్నారని.

ఇక వినడం. 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య ఉండే ఎయిర్‌బ్యాండ్ చూపు మేరకే పనిచేస్తుంది. విమానం 35,000 అడుగుల ఎత్తున ఉన్నా 400 కిలోమీటర్లు దాటితే కష్టం. సముద్రాలు దాటేది షార్ట్‌వేవే. అమెరికా వైమానిక దళ గ్లోబల్ రేడియో నెట్‌వర్క్ 11175, 8992 కిలోహెర్ట్జ్‌ల మీద, అప్పర్ సైడ్‌బ్యాండ్‌లో (రిసీవర్ మీద యూఎస్‌బీ అని ఉండే పద్ధతి) ఉంటుంది. పగలు పెద్ద ఫ్రీక్వెన్సీ, రాత్రి చిన్నది. అక్కడే అక్షరాలూ అంకెలూ వరసగా చదివే సంకేత సందేశాలు కూడా వస్తాయి. వాటి వెంట పడకండి, అవి మన సరదాలోకి రావు. నెదర్లాండ్స్‌లో ట్వెంటె విశ్వవిద్యాలయం తన రిసీవర్‌ను ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి పెట్టింది. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని యూరప్ ఆకాశం వినొచ్చు.

అంత దూరం ఎందుకు, మన డేగ ఇక్కడే ఉంది కదా అంటారు. ఇక్కడ నేను గట్టిగా చెప్పాలి. మన దేశంలో అనుమతి లేకుండా రేడియో పరికరం దగ్గర పెట్టుకోవడమే చట్టవిరుద్ధం. 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం అదే చెప్పింది, 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టమూ అదే అంటుంది. ఆన్‌లైన్‌లో దొరికింది కదా అని స్కానర్, అంటే ఇలాంటి మాటలు వెతికి పట్టే రేడియో, కొనకండి. ఇది తూర్పు నౌకాదళ కమాండ్ ఉన్న ఊరు. మన సైనిక విమానాల కాల్‌సైన్లు ఈ రోజు ఒక్కటీ చెప్పలేదు, కావాలనే చెప్పలేదు. ఎన్ఏడీ కొత్తరోడ్డు మీదుగా మనం రోజూ తిరుగుతాం. ఆ ఎన్ఏడీ నేవల్ ఆర్మమెంట్ డిపో. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్తూ 29 మందితో మాయమైన మన వైమానిక దళ రవాణా విమానం ఏఎన్-32లో ఆ డిపో ఉద్యోగులు ఎనిమిది మంది ఉన్నారు. శిథిలాలు బంగాళాఖాతంలో 3,400 మీటర్ల లోతున ఉన్నాయని 2024 జనవరిలో గానీ తెలియలేదు. రవాణా విమానంలో ఎక్కేది మన వీధి మనుషులే. వాళ్ల రాకపోకలు ఊరంతా చాటడం సరదా కాదు, నేను దాన్ని ఒప్పుకోను.

సొంత రేడియో కావాలంటే హ్యామ్, అంటే అమెచ్యూర్ రేడియో, లైసెన్సు పరీక్ష రాయండి. 12 ఏళ్లు నిండితే చాలు, రెస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడ్లు ఉన్నాయి. ఆ లోపు ట్వెంటె రిసీవర్ ముందు ఒక నోట్‌బుక్కు పెట్టుకుని కూర్చోండి. సమయం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో రాయండి, మన గడియారంలోంచి అయిదున్నర గంటలు తీసేయండి. తర్వాత ఫ్రీక్వెన్సీ, పిలిచినవాడు, పిలిపించుకున్నవాడు. అంకెలు సరిగా వినపడకపోతే ఊహించి రాయకండి, అక్కడ గీత పెట్టి వదిలేయండి. "నైన్" బదులు "నైనర్" అంటారు, చెవి దానికి అలవాటు పడాలి. పక్క గదిలో రిసీవర్ సిద్ధంగా ఉంది, ఇప్పుడు 11175 పెడదాం. కొత్తవాళ్లు ముందు వరసలోకి రండి.