మట్టి తీసుకెళ్లారు, చీటీ రాలేదు

(ప్రపంచ నేలల దినోత్సవం నాడు వ్యవసాయ విద్యార్థుల ముందు ఒక కంది రైతు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలు చాలామందే ఉన్నారు. ఒక్కొక్కరి పేరూ చెబుతూ పోతే నాకిచ్చిన పది నిమిషాలు అక్కడే ఒడుస్తాయి. అందరికీ కలిపి ఒకటే దండం.

రైతులూ శాస్త్రవేత్తలూ కలిసి చేసే పరిశోధన గురించి మాట్లాడమన్నారు. ఆ ‘కలిసి’ అన్న మాట దగ్గరే నాకు పేచీ. అది తర్వాత చెప్తా. ముందు మంచి సంగతి.

మాది తాండూరు వైపు. మా కందికి 2022లో జీఐ గుర్తింపు, అంటే ఈ పంట ఈ ప్రాంతానిదే అన్న ముద్ర, వచ్చింది, వినే ఉంటారు. మాకు తూర్పున, శంకర్‌పల్లి మండలంలో కొత్తపల్లి ఉంది. 1999లో అక్కడ ఆదర్శ వాటర్‌షెడ్, అంటే వాన నీటినీ మట్టినీ కాపాడుకునే పని, మొదలైంది. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, సంతోష్‌నగర్‌లోని మెట్ట సేద్య పరిశోధన సంస్థ క్రీడా, ఉపగ్రహ చిత్రాలు చూసే ఎన్నారెస్సే, ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ, జిల్లా అధికారులు, ఇంతమంది కలిసి 465 హెక్టార్ల నేల మీద పని పెట్టుకున్నారు. ఇంతమంది ఒక ఊరికొస్తే మామూలుగా చాయ్ ఖర్చు పెరుగుతుంది. అక్కడ చెక్‌డ్యాములు లేచాయి, బావుల్లో నీళ్లు పైకొచ్చాయి. పొలం గట్ల మీద గ్లైరిసీడియా చెట్లు నాటారు. దాని వాసన పశువులకు పడదు, కాబట్టి కంచె లేకున్నా బతుకుతుంది. గాలిలో నత్రజనిని పట్టి దాచుకుంటుంది. రెమ్మలు కొట్టి సాళ్లలో వేస్తే ఎరువు. అడవికీ సేద్యానికీ పొత్తు అని పెద్ద పెద్ద మాటలంటారు గానీ, నాకైతే గట్టు మీద ఆ చెట్టు, కింద కంది, అంతే.

కంది అంటే మా అమ్మ గుర్తొస్తుంది. పూత మీద శనగపచ్చ పురుగు పడిందంటే మాకు బడి లేనట్టే. అమ్మ, చిన్నమ్మ చెరో కొస పట్టి పాత దుప్పటి సాళ్ల మధ్య లాగుతుంటే, నేను వెనకాల చెట్టు వంచి దులపాలి. టపటపా రాలేవి. చేను చివరికి పోయేసరికి దుప్పటంతా పచ్చగా మెసిలేది. తీసుకెళ్లి పెరట్లో విదిలిస్తే కోళ్లకు పండగ. తర్వాత మందుడబ్బాలొచ్చాయి. చేను దులపడం చేతకానివాళ్ల పని అయింది.

కొత్తపల్లి చూడ్డానికి మమ్మల్ని బస్సులో తీసుకెళ్తే అక్కడ మళ్లీ చేను దులుపుతున్నారు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ పురుగులు కోళ్లకు కాదు, వైరస్ మందు తయారీకి. ఎన్‌పీవీ అనే ఆ వైరస్ సోకిన పురుగు చెట్టు కొసకెక్కి తలకిందులుగా వేలాడి చస్తుంది. చచ్చినవాటిని నూరి వడగట్టి, ఆ నీళ్లు చేనుకు కొడితే మిగతా పురుగులకు అంటుకుంటుంది. ఎండకు వైరస్ ఆగదని సాయంత్రం పూటే కొట్టాలి. అందులో కాస్త బెల్లం, తెల్లబట్టలకు పెట్టే నీలిమందు కలపాలి. మా అమ్మ దుప్పటి, వాళ్ల వైరస్, మన వంటింటి బెల్లం! కలిసి చేయడమంటే నా లెక్కన ఇది.

నేలల దినం నాడు పురుగుల్లోకి పోయినట్టున్నా. వస్తున్నా, మట్టి దగ్గరికే వస్తున్నా.

కొత్తపల్లి మట్టి పరీక్షిస్తే నత్రజని, భాస్వరంతో పాటు గంధకం, బోరాన్ కూడా తక్కువని తేలింది. బోరాన్ పేరు మా తాత విని ఉండడు. ఆ సంగతి అక్కడి రైతుకు చెప్పారు. అవి వేసిన మడి, వేయని మడి రైతే పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు.

ఇప్పుడు నా పేచీ. ఆరేళ్ల కింద మా చేనుకు ఒక జట్టు వచ్చింది. ఏ సంస్థో చెప్పను. వచ్చినవాళ్లు మీలాంటి పిల్లలే, పని నేర్చినవాళ్లే. గట్టు పక్కనా, పెంటకుప్ప దగ్గరా, చెట్టు నీడనా తీయలేదు. పైన చెత్త గీకి, ‘వి’ ఆకారంలో జానెడు లోతు గుంట తవ్వి, అంచు వెంట పొర చెక్కారు. అన్నిచోట్ల మట్టీ గోనె మీద పోసి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు పారేసి, మళ్లీ కలిపి, చివరికి అరకిలో సంచిలో కట్టారు. పదిహేడో నంబరు వేశారు. “ఫలితం ఎప్పుడొస్తది బిడ్డా?” అంటే “వస్తది పెద్దనాయనా” అన్నాడొకడు.

మరుసటేడు మీటింగులో తెర మీద రంగుల పటం వేశారు. నా చేను పసుపు రంగులో ఉంది. పసుపంటే ఏంది సార్ అన్నా. “మోడరేట్” అన్నారు. ఏది మోడరేట్? నేను ఏం వెయ్యాలె, ఎంత వెయ్యాలె? అప్పటికే భోజనాలకు లేచారు.

వెనక కూర్చున్న పిల్లలూ, ఫోన్లు కాసేపు పక్కన పెట్టండి. మీలో ఎంతమంది రైతు చేలో మట్టి తీశారు? చేతులెత్తండి. ఊఁ, చాలామందే. అందులో ఎంతమంది ఆ రైతుకు పరీక్ష ఫలితం రాసిన చీటీ తిరిగిచ్చారు? ఎత్తిన చేతులు దించకండి... దించేశారే!

నేను ఉత్త చేతులతో రాలేదు. ఈ సంచిలో మా చేను మట్టి ఉంది, నిన్న పొద్దున నేనే తీశా, మీరు నేర్పినట్టే. ఎవరు తీసుకుంటారో ముందుకు రండి. నంబరు వద్దు, నా పేరు రాయండి. తీసుకున్నట్టు మీ పేరుతో నాకొక రసీదు. చీటీ ఏ తారీకుకు ఇస్తారో అందులోనే రాయాలి. పెన్ను కూడా తెచ్చా, ఇదిగో.