మంట తెలియని కాళ్ళు

అందరికీ నమస్కారం అండీ. పొద్దున్నే వాకింగ్ అయ్యాక ఇంటికెళ్ళే తొందర ఉన్నా కూర్చున్నారు, చాలా సంతోషం. నేను ఫిజియోథెరపిస్టుని, రోజూ కాళ్ళతోనే నా పని, ఇవాళ కూడా కాళ్ళ గురించే, కాకపోతే మిరపకాయతో మొదలుపెడతాను, గుంటూరులో ఇంకెక్కడ మొదలుపెడతాం చెప్పండి.

మిరపకాయలకి తొడిమలు తీసే ఆడవాళ్ళని చూసే ఉంటారు. సాయంత్రానికి చేతులు భగభగ మండిపోతాయి, నీళ్ళతో ఎంత కడిగినా పోదు, ఎందుకంటే ఆ ఘాటు, క్యాప్సైసిన్ అంటారు, నీళ్ళలో సరిగ్గా కరగదు, నూనెలో కరుగుతుంది, అందుకే ముందు కాస్త నూనె రాసుకుని తర్వాత సబ్బుతో కడగాలి. మరి చెయ్యి నిజంగా కాలిందా? లేదు. చర్మంలో నరాల కొసల దగ్గర వేడిని పసిగట్టే ఒక ప్రోటీన్ ఉంటుంది, సుమారు 43 డిగ్రీలు దాటితే అది తలుపులా తెరుచుకుని కాలుతోందని కబురు పంపిస్తుంది. మిరపకాయ ఘాటు కూడా ఆ తలుపునే తెరుస్తుంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం దీన్ని కనిపెట్టింది, 2021లో ఆయనకి నోబెల్ వచ్చింది. మనవాళ్ళు మాత్రం నిప్పుకీ కారానికీ ఎప్పట్నుంచో ఒకటే మాట వాడుతున్నారు, మంట అని. నాకైతే ఎంత ముచ్చటేస్తుందో. మిర్చిబజ్జీ తిన్న నోటితో టీ తాగితే ఇంకా చుర్రుమంటుంది కదా, అదీ ఇందుకే.

సరే, ఈ మంట తెలియకపోతే?

మా నాన్నకి చాలా ఏళ్ళుగా షుగర్. ఒక మే నెలలో మిట్టమధ్యాహ్నం గుడి బయట చెప్పులు విడిచి, ఆ కాలే బండల మీద ప్రదక్షిణాలు చేసి వచ్చారు. రాత్రి మంచం మీద కాళ్ళు చాపితే బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత బొబ్బ, అప్పటికే చిట్లిపోయి దుప్పటికి తడి అంటుకుంది. నాన్నా ఇదేంటి అంటే వంగి చూసి, ఎప్పుడైందమ్మా ఇది, అని నన్నే అడిగారు. ఊళ్ళోవాళ్ళ కాళ్ళన్నీ చూస్తూ ఆయన కాళ్ళు చూడలేదే అని ఇప్పటికీ బాధ. ఆ పుండు మానడానికి దాదాపు మూడు నెలలు పట్టింది.

మామూలుగా అయితే కాలగానే కాలు లాగేస్తాం, అది మెదడు చెప్పి చేయించేది కూడా కాదు, వెన్నుపామే చేయించేస్తుంది, అబ్బా అనేది ఆ తర్వాత. అరికాలి నుంచి కబురే రాకపోతే వెన్నుపాము మాత్రం ఏం చేస్తుంది.

ఇక్కడ మన భాషలో ఒక చిక్కుంది. సెలైన్ పెట్టేటప్పుడు దొరకనిదీ నరమే అంటాం, లాగేదీ నరమే అంటాం. మొదటిది రక్తనాళం, రెండోది కబుర్లు మోసే అసలు నరం. రెండూ వేరు, కానీ నరానికి ఆక్సిజనూ తిండీ అందేది దాన్ని అల్లుకున్న, వెంట్రుక కన్నా సన్నటి రక్తనాళాల వల్లే. షుగర్ ఏళ్ళ తరబడి ఎక్కువుంటే ఆ సన్న నాళాలూ దెబ్బతింటాయి, నరమూ దెబ్బతింటుంది. నడుము నుంచి కాలివేళ్ళ దాకా వెళ్ళేవి ఒంట్లో అన్నిటికన్నా పొడుగు నరాలు, కాలవ చివరి పొలాలు ముందు ఎండినట్టు ముందు వేళ్ళే మొద్దుబారతాయి. తిమ్మిర్లు, సూదులు పొడిచినట్టుండటం, దూది మీద నడిచినట్టుండటం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం. కొందరికి ఇవేవీ ఉండవు, నొప్పి లేదు కదా బానే ఉందనుకుంటారు, నాకు వాళ్ళ గురించే ఎక్కువ భయం.

రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోండి, వంగలేకపోతే కింద అద్దం పెట్టుకోండి. చెప్పులేసుకునే ముందు లోపల చేత్తో తడిమి చూడండి.

ఇప్పుడు షూ, సాక్సు విప్పండి. షుగర్ ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకోండి. పక్కనున్నవాళ్ళు చూపుడువేలితో వాళ్ళ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలి కొసలు తాకండి, ఒక్కోటి ఒకటి రెండు సెకన్లు, నొక్కొద్దు, రెండు కాళ్ళకీ కలిపి ఆరు చోట్లు. తగిలినప్పుడు కుడో ఎడమో చెప్పాలి. రెండు చోట్లయినా తెలియలేదంటే ఈ వారంలోనే డాక్టరుకి కాళ్ళు చూపించండి. నిదానంగా చేయండి, నేను ఆ చివర్నుంచి ఒక్కొక్కరి దగ్గరికీ వస్తాను.