హెడ్డింగ్‌లో జారిపోయే సగం వార్త

అందరికీ నమస్కారం. రేపు డెస్కులో కూర్చోబోయే మీతో ఇవాళ హెడ్డింగుల గురించి మాట్లాడతాను. ముఖ్యంగా కేథలిక్ చర్చిలో పిల్లలపై జరిగిన లైంగిక దాడుల వార్తలకు పెట్టిన హెడ్డింగుల గురించి.

2019 మే 9న పోప్ ఫ్రాన్సిస్ కొత్త నిబంధనలు విడుదల చేశారు. 'లైంగిక దాడులపై ఫిర్యాదు ఇక తప్పనిసరి' అనే ధోరణిలో హెడ్డింగులు వచ్చాయి. అది చదివిన మామూలు మనిషి ఏమనుకుంటాడు? ఇకపై చర్చివాళ్లే పోలీస్ స్టేషన్‌కు వెళ్తారనుకుంటాడు. నిబంధనల్లో ఉన్నది వేరు. ఫాదర్లు, సిస్టర్లు తమకు తెలిసిన విషయాన్ని చర్చి అధికారులకు, అంటే మామూలుగా బిషప్‌కు, చెప్పి తీరాలి. పోలీసులకు చెప్పే విషయంలో మాత్రం ఆయా దేశాల చట్టాలే వర్తిస్తాయి. అప్పటికి అదీ పెద్ద మార్పే, కాదనను. బిషప్‌ల మీదే ఆరోపణ వస్తే ఏం చేయాలో కూడా అందులో ఉంది. కానీ ఎవరికి ఫిర్యాదు చేయాలో హెడ్డింగ్ చెప్పకపోవడంతో చర్చి చేయని పని కూడా చేసినట్టయింది.

మనకు ఇది దూరపు సంగతి కాదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లలపై నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పాల్సిందే. తన కింద పనిచేసేవాడి నేరాన్ని చెప్పకుండా ఊరుకున్న సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలు పడొచ్చు. గుంటూరులోనో నల్గొండలోనో చర్చి హాస్టల్ నడిపే ఫాదర్ ఆ హెడ్డింగ్ చదివి 'బిషప్‌గారికి చెప్పేశాను, నా పని అయిపోయింది' అనుకుంటే చట్టం ఒప్పుకోదు.

ఇక తప్పు రెండోవైపు కూడా జరుగుతుంది. 2018 ఆగస్టులో అమెరికాలోని పెన్సిల్వేనియాలో గ్రాండ్ జ్యూరీ, అంటే నేరారోపణలను పరిశీలించే పౌరుల బృందం, ఇచ్చిన నివేదిక బయటికొచ్చింది. ఆరు డయోసిస్‌లు (ఒక్కో బిషప్ కింద ఉండే ప్రాంతాలు), నిందితులుగా 300 మందికి పైగా ఫాదర్లు, బాధితులుగా వెయ్యి మందికి పైగా పిల్లలు. అంకెలు నిజమే. అయితే అది దాదాపు 70 ఏళ్ల లెక్క. నిందితుల్లో చాలామంది అప్పటికే చనిపోయారు, చాలా కేసులకు కాలపరిమితి దాటిపోయింది. ఏళ్లు చెప్పకుండా అంకెలు మాత్రమే పెట్టిన హెడ్డింగ్ చదివితే అంతా నిన్నమొన్న జరిగినట్టే ఉంటుంది. దాంతో చర్చిని వెనకేసుకొచ్చేవాళ్లకు 'ఇదంతా పాత కథ, మీడియా గోరంతలు కొండంతలు చేస్తోంది' అనే అవకాశం దొరికింది. నాకు కోపం తెప్పించేది ఇదే. నివేదికలో అసలు వార్త ఏళ్లతో పాతబడేది కాదు: బిషప్‌లకు తెలుసు, తెలిసే ఫాదర్లను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మార్చారు, ఫైళ్లను రహస్య భాండాగారంలో పెట్టారు, తాళంచెవి బిషప్ దగ్గరే ఉంచుకున్నారు.

మంచి హెడ్డింగ్ కూడా ఒకటి చెప్పాలి కదా. 2002 జనవరి 6న అమెరికా పత్రిక బోస్టన్ గ్లోబ్ పెట్టింది చూడండి: ఒక ఫాదర్ దురాగతాలను చర్చి ఏళ్ల తరబడి సాగనిచ్చింది అని. ఎవరు, ఏం చేశారు, ఎంతకాలం, మూడూ ఉన్నాయి. ఎక్కడా విశేషణాలు లేవు.

ఈ వార్తల దెబ్బకు అదే ఏడాది డిసెంబరులో బోస్టన్ ఆర్చ్‌బిషప్ కార్డినల్ బెర్నార్డ్ లా ఆర్చ్‌బిషప్ పదవికి రాజీనామా చేశారు. 'రాజీనామా' అన్న హెడ్డింగ్ దగ్గర ఆగిపోయినవాళ్లకు తర్వాతి సంగతి తెలిసి ఉండదు. ఆయన కార్డినల్‌గానే, అంటే పోప్ తర్వాతి స్థాయి పెద్దల్లో ఒకరిగానే, కొనసాగారు. 2004లో రోమ్‌లోని శాంటా మరియా మజ్జోరె బసిలికా అనే ప్రముఖ చర్చి బాధ్యతలు ఆయనకు అప్పగించారు. 2005లో కొత్త పోప్‌ను ఎన్నుకోవడానికి ఓటు కూడా వేశారు.