ఒకే గది, ఒకే మంచం: ఫుకెట్ ట్రిప్ ప్లాన్ చేసుకుందాం

[దృశ్యం: హోటల్ రిసెప్షన్, కౌంటర్ మీద రెండు పాస్‌పోర్టులు]

"మీరిద్దరూ బ్రదర్సా సార్?"

ఈ ప్రశ్న మీకూ ఎదురై ఉంటుంది. నేనూ మావాడూ జంటగా వెళ్లిన మొదటి ట్రిప్‌లో డబుల్ బెడ్ బుక్ చేశాం. గదిలోకి వెళ్లేసరికి మంచాలు రెండూ విడదీసి, మధ్యలో చిన్న టేబుల్ పెట్టేశారు. అడగడానికి నోరు రాలేదు. నాలుగు రాత్రులూ కజిన్స్ లాగే ఉండి వచ్చాం. ఆ బాధ మీకు వద్దనే ఈ వీడియో.

[స్క్రీన్ మీద: హిందూ మహాసముద్రం మ్యాప్]

దీవి అనగానే అందరూ నీళ్ల రంగు చూస్తారు. మనం ముందు చట్టం చూడాలి. మాల్దీవుల్లో స్వలింగ సంబంధం నేరం. శ్రీలంకలో కూడా దాన్ని నేరంగా చూసే బ్రిటిష్ కాలం నాటి 365, 365ఎ సెక్షన్లు ఇంకా ఉన్నాయి. బాలి ఎంత అందంగా ఉన్నా, 2026 జనవరి నుంచి ఇండోనేషియా కొత్త శిక్షాస్మృతిలో పెళ్లి కాకుండా కలిసి ఉండటమే నేరం. ఫిర్యాదు కుటుంబ సభ్యులే చేయాలి నిజమే, కానీ ఆ టెన్షన్ వెంటబెట్టుకుని సెలవుకి వెళ్లడం ఎందుకు? మారిషస్‌లో 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు అలాంటి పాత చట్టాన్ని కొట్టేసింది. అది మంచి మాట.

నా ఓటు మాత్రం థాయ్‌లాండ్ దీవి ఫుకెట్‌కే. థాయ్‌లాండ్‌లో 2025 జనవరి 23 నుంచి స్వలింగ వివాహం చట్టబద్ధం. ఆగ్నేయాసియాలో ఇదే మొదటి దేశం. అక్కడ పెళ్లి చేసుకుంటే ఇక్కడ చెల్లుతుందా అని చాలామంది అడుగుతారు. చెల్లదు. మన సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 17న ఆ గుర్తింపు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఆ రోజు టీవీ ముందు కూర్చున్నవాళ్లకి అది ఎలా తగిలిందో వేరే చెప్పక్కర్లేదు.

[దృశ్యం: బీచ్‌లో ఎర్ర జెండా]

నవంబర్ నుంచి ఏప్రిల్ మధ్యలో వెళ్లండి. మే నుంచి అక్టోబర్ వరకు వానలు, అలలు ఎక్కువ. రేట్లు తగ్గాయని జూన్‌లో వెళ్తే వెళ్లండి గానీ, బీచ్‌లో ఎర్ర జెండా కనిపిస్తే మోకాళ్ల లోతు కూడా దిగొద్దు. లోపలికి లాగేసే ప్రవాహాలు పైకి కనబడవు.

గేబార్లు, డ్రాగ్ షోలు (మగవాళ్లు ఆడవేషంలో ఇచ్చే ప్రదర్శనలు) కావాలంటే పటాంగ్‌లో ప్యారడైజ్ కాంప్లెక్స్ చుట్టుపక్కల ఉండండి. ప్రశాంతత కావాలంటే కాటా బీచ్. ఎయిర్‌పోర్ట్ దీవికి ఉత్తరం చివర ఉంటుంది, పటాంగ్ చేరడానికి దాదాపు గంట పడుతుంది. ఆ దారి ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

హోటల్‌కి బుకింగ్‌కి ముందే ఒక మెయిల్ పెట్టండి: "మేమిద్దరం మగవాళ్లం, జంట. ఒకే పెద్ద మంచం కావాలి." జవాబు ఎలా వచ్చిందో చూస్తే చాలు, అక్కడ ఎలా ఉంటుందో తెలిసిపోతుంది. మాకు ఒక చోట నుంచి "తప్పకుండా, సముద్రం వైపు గది ఇస్తాం" అని వచ్చింది. అదే బుక్ చేశాం. చెక్ ఇన్‌లో ఆ అమ్మాయి తాళం చేతిలో పెట్టి, టిఫిన్ ఏడింటి నుంచి అని చెప్పింది. ఇంకేమీ అడగలేదు. లిఫ్ట్‌లో మావాడు నా చెయ్యి పట్టుకున్నాడు, తలుపులు తెరుచుకున్నా వదల్లేదు.

ఒక్క మాట. బయట ముద్దులూ కౌగిలింతలూ అంటే థాయ్ పెద్దలు ఏ జంట చేసినా ఇబ్బంది పడతారు. వాట్ చలోంగ్ లాంటి గుడికి వెళ్తే భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి.

ట్రాన్స్ మిత్రులారా, టికెట్ మీద పేరు, జెండర్ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. జిల్లా కలెక్టర్ ఇచ్చిన ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు ఉంటే వెంట తీసుకెళ్లండి. హార్మోన్ మందులు వాటి డబ్బాల్లోనే, డాక్టర్ చీటీతో సహా చేతి బ్యాగ్‌లో పెట్టుకోండి. చెకింగ్‌లో ఇబ్బందిగా అనిపిస్తే విడిగా గదిలో చేయమని అడగండి.

థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డు, అంటే దేశంలోకి వచ్చేవాళ్లు ఇచ్చే వివరాల ఫారం, అక్కడికి చేరే ముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం, డబ్బులు అడిగే సైట్లని నమ్మొద్దు.

ఇన్సూరెన్స్ తప్పక తీసుకోండి. ఆసుపత్రి దాకా వస్తే ఎవరిని పిలవాలో కాగితం మీద రాసి, ఇద్దరి పర్సుల్లోనూ పెట్టుకోండి. ఇంట్లో ఇంకా చెప్పనివాళ్లు, నమ్మకమైన ఒక్క స్నేహితుడికైనా హోటల్ అడ్రస్, విమానం నంబర్ ఇచ్చి వెళ్లండి.