లింకైనా ఫైలైనా వెనక నుంచి చదవండి: ఆఫీసు కంప్యూటర్ వాడేవాళ్ల కోసం

నమస్తే అండీ. ఈ వీడియో అకౌంట్స్‌లో, హెచ్ఆర్‌లో, ఫ్రంట్ డెస్క్‌లో కూర్చుని రోజంతా మెయిల్స్ చూసుకునేవాళ్ల కోసం. మోసగాడు ముందుగా వచ్చేది మీ ఇన్‌బాక్స్‌కే. ఇన్వాయిస్‌లు, రెజ్యూమెలు తెరవడం మీ ఉద్యోగం. అలాంటివాళ్లకు "తెలియని మెయిల్ తెరవకండి" అని చెబితే ఏం లాభం? తెరిచే ముందు ఏం చూడాలో చెప్పాలి. ఈరోజు అదే చూద్దాం.

స్క్రీన్ షేర్ చేశాను. కనిపిస్తోంది కదా.

ముందు చిన్నవి రెండు, చకచకా. సీట్లోంచి లేస్తున్నారా, విండోస్ కీ పట్టుకుని ఎల్ నొక్కండి. ఇదిగో, లాక్ అయింది. టీకి వెళ్లినా ఇదే, ప్రింటర్ దగ్గరికి వెళ్లినా ఇదే. రెండోది అప్‌డేట్. సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్, ఇక్కడ చెక్ ఫర్ అప్‌డేట్స్. వచ్చిందా, ఇన్‌స్టాల్ కొట్టండి. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు రీస్టార్ట్ చేయండి. అయిపోయింది.

అప్‌డేట్ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, ప్రపంచమంతా పాకింది. బ్రిటన్ ఆసుపత్రులకు తగిలింది, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లకూ తగిలింది. అది దూరిన రంధ్రాన్ని మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. అంటే రెండు నెలల ముందే మందు వచ్చింది, వేసుకోని మెషీన్లు పడిపోయాయి. ఇంకోటి, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీ సీట్లో ఇంకా అదే ఉంటే ఐటీ వాళ్లను ఈరోజే అడగండి.

సరే, అసలు విషయానికి వద్దాం. ఈ మెయిల్ చూడండి. ఆదాయపు పన్ను రిఫండ్ వచ్చిందట, వివరాలు సరిచూసుకోమంటున్నారు. లోగో ఉంది, కింద సంతకం ఉంది, భాషలో తప్పుల్లేవు. ఒకప్పుడు స్పెల్లింగ్ తప్పులుంటే నకిలీ అని పట్టుకునేవాళ్లం. ఇప్పుడు ఏఐతో ఎవరైనా శుభ్రంగా రాయిస్తున్నారు, ఆ గుర్తు పనికిరాదు. పంపినవాళ్ల పేరు కూడా నమ్మకండి. ఆ చోట ఎవరు ఏ పేరైనా రాసుకోవచ్చు.

ఈ నీలం బటన్ మీద మౌస్ పెట్టండి. నొక్కొద్దు. ఊరికే పెట్టండి. ఎడమవైపు కింద, ఇదిగో ఈ మూల, అసలు లింకు కనిపిస్తోంది. ఫోన్‌లో అయితే లింకు మీద వేలు కాసేపు అలాగే ఉంచితే కనిపిస్తుంది. పైకి చదివితే ఏముంది? ఇన్‌కమ్‌టాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. అందుకే ఇక్కడ కాసేపు నిలబడదాం.

మొదట రెండు స్లాష్‌లు ఉన్నాయి కదా, అవి వదిలేయండి. వాటి తర్వాత వచ్చే మొదటి ఒంటి స్లాష్ ఎక్కడుందో వెతకండి. ఇదిగో, ఇక్కడ ఉంది. దాని మీద వేలు పెట్టి, ఇప్పుడు వెనక్కి చదవండి. కుడి నుంచి ఎడమకి. ఏమొచ్చింది? కామ్. దాని ముందు? రిఫండ్ హైఫన్ స్టేటస్. చాలు. మీరు వెళ్లబోయే సైటు రిఫండ్ హైఫన్ స్టేటస్ డాట్ కామ్. దానికి ముందున్న ఇన్‌కమ్‌టాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్ అంతా ఆ సైటువాడు తన ఇష్టంతో తగిలించుకున్న మాటలు. కవరు మీద అడ్రసు రాసేటప్పుడు ముందు ఇంటి నంబరు, వీధి రాసి చివర్లో ఊరు రాస్తాం. ఉత్తరం ఏ ఊరికి వెళ్లాలో ఆ చివరి మాటే తేలుస్తుంది. ఇక్కడా అంతే.

మళ్లీ చేద్దాం. ఈసారి అసలైన సైటు. స్లాష్ దగ్గర ఆగాం, వెనక్కి వస్తున్నాం. ఇన్, గవ్, ఇన్‌కమ్‌టాక్స్. ఇక్కడ ఎందుకు మూడు మాటలు చదివామంటే గవ్ డాట్ ఇన్ అనేది జంట. కో డాట్ ఇన్ కూడా అంతే. జంట వచ్చినప్పుడు ఇంకో మాట ఎడమకి జరిగి చదవాలి. ఆ ఇంకో మాటే యజమాని. గవ్ డాట్ ఇన్ ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇవ్వరు. బ్యాంకులకు కూడా ఇప్పుడు ఇలాంటిదే వచ్చింది, బ్యాంక్ డాట్ ఇన్. 2025 అక్టోబరు 31కల్లా బ్యాంకులన్నీ దానికి మారాలని రిజర్వ్ బ్యాంక్ గడువు పెట్టింది. ఆ పేర్లు ఇచ్చేది మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ, రిజర్వ్ బ్యాంక్ పెట్టిన టెక్నాలజీ సంస్థ. బ్యాంకులకు తప్ప వేరేవాళ్లకు దొరకదు. అందుకే బ్యాంకు లింకు చివర బ్యాంక్ డాట్ ఇన్ ఉందా లేదా అని చూడటం మంచి అలవాటు. చివర అంటే స్లాష్‌కు ముందు చివర, మధ్యలో ఉంటే లెక్కలోకి రాదు.

బ్రౌజర్‌లో సైటు అడ్రసు పక్కన తాళం బొమ్మ ఉంది కదా అంటారు. మధ్యలో ఎవరూ వినలేరనే దాని అర్థం, అవతలివాడు మంచివాడని కాదు. ఆ తాళానికి కావాల్సిన సర్టిఫికెట్ ఉచితంగానే వస్తుంది, మోసగాళ్లూ తెచ్చుకుంటారు.

పొరపాటున కళ్లు మోసపోయినా కాపాడే టూల్ ఒకటుంది. పాస్‌వర్డ్ మేనేజర్, అంటే మీ పాస్‌వర్డ్‌లు దాచిపెట్టి సైటులో తనే నింపే యాప్. నేను వాడేది బిట్‌వార్డెన్, ఉచిత వెర్షన్ చాలు. ఆఫీసులో ఏది అనుమతిస్తే అది వాడండి. చూడండి, అసలు సైటులో కంట్రోల్, షిఫ్ట్, ఎల్ కొడితే దానంతటదే నింపేసింది. ఇదే నకిలీ పేజీలో కొడుతున్నా. ఏమీ నింపలేదు. అది లోగో చూడదు, సైటు పేరు మాత్రమే చూస్తుంది. పాస్‌వర్డ్ నింపనంటే ఆగిపోండి. మీరే టైప్ చేసేయకండి.

టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఇంకోసారి మీరేనా అని అడిగే పద్ధతి, అది కూడా పెట్టుకోండి, అకౌంట్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ, ఇదిగో ఇక్కడ. మీరు లాగిన్ చేయకుండానే ఫోన్‌లో అప్రూవ్ చేయమని వస్తే నో కొట్టండి, వెంటనే పాస్‌వర్డ్ మార్చండి. మీ పాస్‌వర్డ్ ఎవరి చేతిలోనో ఉందని దాని అర్థం.

ఇప్పుడు ఫైళ్లు. ఈ ఇన్వాయిస్ చూడండి, పీడీఎఫ్ అని ఉంది, ఎర్ర బొమ్మ కూడా ఉంది. ఫోల్డర్‌లో పైన వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్. టిక్ పెట్టాను. ఇప్పుడు చూడండి, ఇన్వాయిస్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ! ఈఎక్స్ఈ అంటే కాగితం కాదు, నొక్కితే నడిచే ప్రోగ్రామ్. విండోస్ మామూలుగా ఆ చివరి ముక్కను దాచేస్తుంది, మోసగాడికి కావాల్సింది అదే. బొమ్మ ఏదైనా పెట్టొచ్చు, ఆ చివరి డాట్ తర్వాతి అక్షరాలే అసలు సంగతి చెబుతాయి. వీడియో చూసి వదిలేయకండి, ఈ టిక్ ఇప్పుడే పెట్టుకోండి. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో వచ్చే ఫైలు చివర ఏపీకే ఉంటే అది యాప్. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌గా రాదు. బంధువుల నంబరు నుంచి వచ్చినా సరే, ముందు వాళ్లకు ఫోన్ చేసి అడగండి. వాళ్ల ఫోనే మోసగాడి చేతిలో ఉండొచ్చు.

నొక్కేశారనుకోండి. టెన్షన్‌లో కంప్యూటర్ ఆఫ్ చేయకండి. వైఫై ఆపండి, లాన్ కేబుల్ పీకండి, ఐటీకి ఫోన్ చేయండి. వాళ్లు ఆఫ్ చేయమంటే అప్పుడు చేయండి. పాస్‌వర్డ్ ఇచ్చేసి ఉంటే వేరే పరికరం నుంచి మార్చండి. డబ్బు పోతే బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ డబ్బు ఖాతాల మధ్య నిమిషాల్లో మారిపోతుంది, అందుకే ఎంత త్వరగా చెబితే ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫిర్యాదుకు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్, అడ్రసు మీరే టైప్ చేసి వెళ్లండి.

మేనేజర్లు ఎవరైనా చూస్తుంటే దయచేసి వినండి. నొక్కానని వచ్చి చెప్పినవాళ్లను అందరి ముందూ తిట్టకండి. ఒకరిని తిడితే తర్వాతి మనిషి భయపడి సాయంత్రం దాకా దాచిపెడతారు, ఆలోపు ఆ వైరస్ నెట్‌వర్క్ అంతా పాకుతుంది.

ఐటీ వాళ్ల నంబరు, 1930, రెండూ కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించండి. కంప్యూటర్‌లో సేవ్ చేసుకుంటే అవసరమైన వేళకు అది తెరుచుకోకపోవచ్చు.